గట్టెక్కిన ట్రాక్టరు

"ఏవండీ! తమ్ముడు ఆగిపోయాడంటండీ!"

మా ఆవిడ పార్వతి ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఈ కేక పెట్టింది. నేను పెసరట్టు మధ్యలో ఉన్నాను. అంటే, పెసరట్టు సగం నాలో ఉంది, సగం పళ్ళెంలో ఉంది.

"ఎక్కడ ఆగిపోయాడే? గడియారస్తంభం దగ్గరా? అక్కడ అందరూ ఆగుతారు, ట్రాఫిక్కు," అన్నాను.

"ట్రాఫిక్కు కాదండీ! సత్యప్రియ ఏడుస్తూ చెప్పింది. తమ్ముడు ఆగిపోయాడు, పొద్దుటి నుంచీ కదలటం లేదు అంది. ఇంతలో లైను తెగిపోయింది."

సత్యప్రియ మా బావమరిది వెంకటరమణ భార్య. తిరిగి ఫోను చేస్తే, ఆవిడ అందుబాటులో లేదని ఇంకొకావిడ మూడు భాషల్లో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకి మా ఆవిడ ఏడుపు రెట్టింపయింది. నేను పెసరట్టుని పళ్ళెంలోనే వదిలేసి స్కూటరు తీశాను. అమలాపురం నుంచి అల్లవరం దారిలో మా అత్తారి ఊరు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఆ దారిలో నోరు మూసుకుని బండి నడిపింది ఆ రోజే. కుర్చీలూ షామియానాలూ అద్దెకిచ్చే వ్యాపారం నాది. చావింటికి సామాను పంపించినప్పుడు కూడా చిన్న చమత్కారం విసిరి గాని రాను. అటువంటివాడికి ఆ వేళ ఒక్కటీ తట్టలేదు.

రమణ చేనుగట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో చద్దన్నం గిన్నె. నోట్లో పచ్చిమిరపకాయ. పార్వతి పరుగెత్తుకెళ్ళి వాణ్ణి కావలించుకుంది. వెంటనే వీపు మీద ఒకటిచ్చింది.

"బతికే ఉన్నావేంట్రా!"

"అదేవిటక్కా, అలా అడుగుతావు? తప్పా?" అన్నాడు వాడు, మిరపకాయ నములుతూనే.

సత్యప్రియ నోరు నొక్కుకుంది. "అయ్యో వదినగారూ! నేనన్నది దమ్మండీ, దమ్ము! దమ్ము ఆగిపోయిందీ అని చెప్పేనండి. తమ్ముడు కాదండి!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు నోరూ లేచింది. "ఒసే పార్వతీ, మీ తమ్ముడికి దమ్ముంది. చేనుకే లేదు!"

విషయం మాత్రం నవ్వులాట కాదు. నాట్లకి ముందు చేలో నీళ్ళు పెట్టి, ట్రాక్టరుకి ఇనుప చక్రాలు తగిలించి, మట్టిని పాయసంలా కలిపెయ్యడమే దమ్ము. రమణ అద్దెకి మాట్లాడుకున్న ట్రాక్టరు సగం చేను కలిపి, మిగతా సగం వదిలేసి, పెద్ద కమతం ఉన్న ఆసామీ పిలిస్తే వెళ్ళిపోయింది. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. నేనూ అద్దెలవాణ్ణే. అద్దె కుర్చీ ముందు అడిగినవాడి పెళ్ళికి వెళ్ళదు, పెద్ద పెళ్ళికి వెళుతుంది.

"పోయినేడూ ఇదే వరస బావగారూ," అన్నాడు రమణ. "నారు ముదిరిపోయేక నాటేను. పిలకెయ్యలేదు, దిగుబడి పడిపోయింది. ఈసారి కూడా నాట్లు వెనకపడితే చేను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానని, నాకు కౌలుకిచ్చినాయన మొహం మీదే చెప్పేడు. ఆయన్ననడానికి లేదు. ఈ చేను పోతే నేను రైతునేటి? బురదలో కూర్చున్న మనిషిని, అంతే."

వాడు అలా మాట్లాడే రకం కాదు.

"అందుకే సొంత ట్రాక్టరు కొనేస్తాను. కొత్తది మన వల్ల కాదు. పాతది," అన్నాడు. "ఆలమూరు అవతల గోదారి ఒడ్డున సూరిబాబుగారని ఉన్నారు. ఆయనది అమ్ముతున్నారంట."

ఆ గట్టు మీదే సభ మొదలైంది. పార్వతి వ్యతిరేక పక్షం. "పాత ట్రాక్టరంటే ఇంట్లో ముసలాయన్ని పెట్టుకున్నట్టేరా. పొద్దుటే పొగ, దగ్గు, గొణుగుడు. ఏ రోజు కాలు చాపుతాదో తెలీదు. పైగా ఇది ఆషాఢం. ఆషాఢంలో ఎవరైనా బండి ఇంటికి తెచ్చుకుంటారా?"

"పాత ట్రాక్టరుకి ఆషాఢమేంటండి వదినగారూ, కొత్త పెళ్ళికూతురా?" అంది సత్యప్రియ.

రమణ తన పక్షం వినిపించాడు. కొత్తవాటిలో వైర్లూ సెన్సార్లూ ఉంటాయట. మన బురద నీళ్ళు ఎక్కడో ఒక వైరులోకి దిగితే బండి ఆగి, కంపెనీ మనిషి వచ్చేదాకా అలకపాన్పు ఎక్కుతుందట. పాతదానికయితే నాలుగు స్పేనర్లూ ఒక సుత్తీ చాలు. పైగా పాతది తేలిక. మన చేలలో బరువు బండి దిగబడితే దాన్ని తియ్యడానికి ఇంకో బండి కావాలి. ఇంకోటి దిగబడితే ఇంకోటి.

"అలా వరసగా దిగబడితే మన చేనే షోరూమురా," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళిద్దరూ అప్పటికే మమ్మల్ని ఆలమూరు పంపించడం గురించి మాట్లాడుకుంటున్నారు.

మర్నాడు పొద్దుటే రమణా, నేనూ వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది. గోదారిలో కొత్తనీరు ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. ఊరు ఏటిగట్టుకి లోపల, పల్లంలో ఉంది. ఊళ్ళోంచి గట్టు మీదికి మట్టితో వేసిన ఏటవాలు దారి. ఆ దారికి పైకొసన, ముక్కు ఊరివైపూ తోక గోదారివైపూ పెట్టి నిలబడి ఉంది ట్రాక్టరు.

ఒకప్పుడు అది ఎరుపే. ఎండకీ వానకీ మాగి ఇప్పుడు గోంగూర కాడ రంగుకి వచ్చింది. పొగగొట్టం మీద వానచుక్క దిగకుండా బోర్లించిన పాలడబ్బా. హెడ్‌లైట్లలో ఒకటి సున్నా, ఇంకొకటి అరసున్నా. కానీ నట్టు నట్టుకీ నూనె రాసి ఉంది. చక్రాల సందుల్లో మచ్చుకి కూడా మట్టి లేదు. మనిషికి తలంటు పోసినంత శ్రద్ధగా ఎవరో కడిగారు.

ఆ ఎవరో సూరిబాబుగారే. తెల్ల బనీను, భుజం మీద తుండు, నడకలో చిన్న కుంటు. "ఆయ్, రండి రండి. కాఫీ తాగి చూస్తారా, చూసి తాగుతారా అండి?"

"ముందు ఇది ఎంత తాగుతుందో చూసి, తరవాత మేం తాగుతాం," అన్నాను.

రమణ కాఫీ మాటే ఎత్తలేదు. రేడియేటరు మూత తీసి వేలు పెట్టి చూశాడు. ఇంజను నూనె గేజి లాగి గుడ్డకి తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. "టీ రంగు లేదు బావగారూ. నూనెలోకి నీళ్ళు దిగితే పాలు పోసిన టీలా తేలుతాది. ఇది నల్లగా ఉంది. మంచి నలుపు." ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపాడు. అది వీసమెత్తు కదల్లేదు. రమణ మొహంలో నిన్నటి బురద తాలూకు దిగులు కొంచెం కొంచెంగా ఎండి రాలుతోంది.

"స్టార్టు చెయ్యండి," అన్నాడు.

సూరిబాబుగారు సీటెక్కి, క్లచ్చి తొక్కి, గేరు వేసి, బ్రేకు వదిలారు. ట్రాక్టరు ఏటవాలులో దానంతటదే కిందికి జారింది. కొంచెం దూరం చడీచప్పుడూ లేకుండా నడిచి, ఆయన క్లచ్చి వదలగానే ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. ఆహా! ఏమి గొంతండీ! గొంతు గురించి నాకు తెలుసు. నాకున్నది అదొక్కటే. ఆ ఇంజను గొంతులో జీర లేదు, తడబాటు లేదు. తాళం తప్పకుండా డగడగమంటూ ఊరంతా తనదే అన్నట్టు మోగింది. పాలడబ్బా ఎగిరి పడింది. పొగ ముందు నల్లగా వచ్చి, తరవాత బూడిదై, తరవాత కనబడకుండా పోయింది.

"లిఫ్టు చూద్దాం," అని రమణ నన్ను వెనకనున్న దుక్కి గొర్రు మీద నిలబెట్టాడు. సూరిబాబుగారు లివరు ఎత్తారు. నేను గొర్రుతో సహా గాల్లోకి లేచాను. మూలగలేదు, వణకలేదు. దేవుణ్ణి పల్లకీలో లేపినట్టు లేపింది. లిఫ్టు అడిగితే నన్ను ఇంత గౌరవంగా ఎక్కించుకున్న బండి ఇంతవరకూ లేదు.

"ఆపి, మళ్ళీ స్టార్టు చెయ్యండి," అన్నాడు రమణ.

సూరిబాబుగారు బండిని తిప్పి, గట్టెక్కించి, మళ్ళీ ముక్కు కిందికి పెట్టి, అప్పుడు ఆపారు.

"కింద చదునులోనే ఆపొచ్చు కదండి?"

"ఇక్కడయితే నీడండి."

నేను పైకి చూశాను. గట్టు మీద ఒక్క చెట్టు లేదు. ఆకాశంలో ఎండా లేదు. రమణ కళ్ళు చిట్లించాడు. ఏదో అడగబోయాడు.

ఇంతలో గేదెలొచ్చాయి.

రెండు గేదెలూ ఒక దూడా ఏటవాలు పక్కగా గట్టెక్కుతున్నాయి. వెనకాల కర్రతో ఒక లావుపాటి ఆవిడ. ఆమె వెనక నెత్తిన బియ్యం బస్తాతో ఒకాయన. ఆ వెనక గ్యాస్ సిలిండరు, టీవీ, ట్రంకుపెట్టె, గంప కింద కోళ్ళు. అలా ఊరు ఊరంతా వరసకట్టి పైకి వస్తోంది. నేను పొంగిపోయాను. ఒక పాత ట్రాక్టరు అమ్మకానికి ఇంతమంది సాక్షులా! ఎంత అభిమానం, టీవీలు కూడా తెచ్చుకున్నారు!

గేదెలావిడ పేరు సుందరమ్మ అట. రొప్పుతూ నన్నే అడిగింది. "ఎంత దాకా వచ్చిందండి?"

"ఇంకా బేరం దాకా రాలేదమ్మా. లిఫ్టు దాకా వచ్చాం."

"బేరమేటండి! నీరండి, నీరు! మొదటి హెచ్చరికా, రెండోదా?"

"ఏం హెచ్చరిక?"

ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "మీరెక్కడోళ్ళండి? సూరిబాబుగారి ట్రాక్టరు తెల్లారేసరికి గట్టు మీదుందంటే ఇంక చెప్పేదేటండి? వరదొచ్చేస్తుందని కాదేటి?"

అప్పుడు తెలిసింది మాకు. గోదారి పొంగిన ప్రతిసారీ ఈ ఊళ్ళో ముందు గట్టెక్కేది ఈ ట్రాక్టరేనట. తరవాత వెనక తొట్టి ట్రక్కు తగిలించుకుని, దిగుతూ ఎక్కుతూ, ఇంటింటి సామానూ మనుషుల్నీ పైకి చేరుస్తుందట.

"ఫోనులో మెసేజిలొస్తాయి కదమ్మా?" అన్నాను.

"మెసేజిలు రోజూ వస్తాయండి. ట్రాక్టరు రోజూ ఎక్కదు కదండి."

మేకల మందతో వచ్చిన హన్నా అనే ఆవిడ అందుకుంది. "ఆ పెద్ద వరదకి మా అమ్మని మంచంతో సహా ట్రక్కులో పెట్టి తెచ్చేరండి. చక్రాలు సగం నీళ్ళలో ఉన్నాయండి. ఎక్కడైనా ఆగిపోతాదేమోనని నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి గట్టు మీదున్నామండి."

నేను ట్రాక్టరుని మళ్ళీ చూశాను. ఇందాకటి గోంగూర కాడ రంగు ఇప్పుడు కుంకుమరంగులా కనబడింది.

సూరిబాబుగారు మాత్రం తుండు చివర నలుపుతూ రమణ మొహంలోకి చూస్తున్నారు. జనం గట్టు మీద టార్పాలిన్లు పరిచేస్తున్నారు. సుందరమ్మ కర్ర నేలకి ఆన్చి, "మిగతా మగాళ్ళందరూ లంకలో వంగతోటకెల్లేరండి. నీట్లో కుళ్ళడం ఎందుకని పిందెలతో సహా కోసేస్తున్నారు," అంది.

ఆ మాట వినగానే సూరిబాబుగారు గిరుక్కున గోదారివైపు తిరిగారు. అవతల, గట్టుకి గోదారివైపు లంకలో, వంగిన నడుములు బారుగా కనబడుతున్నాయి. ఆయన సీటు మీదికి ఎక్కి నిలబడి అరిచారు. "కొయ్యకండ్రా! కొయ్యకండి! వరద లేదు!"

గాలికి ఆ గొంతు గట్టు కూడా దాటలేదు. ఆయన నావైపు చూశారు. నేను గొంతు విప్పాను. పెళ్ళిళ్ళలో మైకు పోయినప్పుడు వరుడి తరఫు వాళ్ళని భోజనాలకి పిలిచే గొంతు అది. "వరద లే...దు! వంకాయలు కొయ్యకం...డి!" లంకలో నడుములు ఒక్కసారిగా నిటారయ్యాయి.

"వరద లేకపోతే ట్రాక్టరెందుకెక్కిందండి?" అని సుందరమ్మ నిలదీసింది.

సూరిబాబుగారు సీటు మీంచి దిగి, రమణ ఎదురుగా నిలబడ్డారు. ఊరికి చెప్పాల్సిన జవాబు ముందు వాడికే చెప్పారు.

"సెల్ఫ్ పోయిందండి. తాళం తిప్పితే టకటకమని కొట్టుకుంటాది గాని అందుకోదు. పల్లంలో మీ ముందర మొరాయిస్తాదని, వాలుంటే జారిపడి అందుకుంటాదని రాత్రే గట్టెక్కించేను. మన వైపు వాలన్నది ఈ గట్టుకే కదండీ ఉంది. ఇంతకు ముందు చూడ్డానికొచ్చినోళ్ళకి సెల్ఫ్ పోయిందని నిజం చెపితే, తుక్కు కింద అడిగేరండి. దీన్ని తుక్కోళ్ళకి ఎలా ఇస్తానండీ? నా మోకాలు క్లచ్చి తొక్కలేకపోతోంది, అందుకు అమ్ముతున్నాను గాని, లేకపోతే..." ఆగారు. "దాచేను. తప్పేనండి. మీరు వద్దనుకుంటే నేనేం అనుకోను."

రమణ చేను చాపలా చదునుగా ఉంటుంది. వాలు కావాలంటే వాడు ఇల్లెక్కి దూకాలి. అద్దె ట్రాక్టరు రాలేదని వాపోయినవాడు, రేపు సొంత ట్రాక్టరు కదలలేదని వాపోవాలా?

"పల్లంలోకి దింపండి," అన్నాడు చివరికి. "ఇంజను వెయ్యకుండా దింపి, చదునులో ఆపండి. అక్కడ తోసి చూస్తాను."

"తోసేదెవర్రా?" అన్నాను. అనగానే అందరూ నన్నే చూశారు. నేను ముందు చెయ్యి వేశాను. నా వెనక సుందరమ్మ, హన్నా, బియ్యం బస్తాలాయన, ఇంకా ఆ దారిలో పట్టినంతమంది. రమణ తనే సీటెక్కాడు. "ఊఁ!" అన్నాడు. తోశాం. బండి బారెడు నడిచిందో లేదో, డగ్ మని అందుకుంది. నేను ముందుకి బోర్లా పడ్డాను. సుందరమ్మ నా మీద పడింది. ఆ సమయంలో నాకు హైడ్రాలిక్ లిఫ్టు విలువ బాగా తెలిసింది.

రమణ ఇంజను ఆపకుండానే చెవి ఒగ్గి విన్నాడు. "ఇంజను కూర్చున్నదయితే ఇంత చిన్న తోపుకి పట్టదు బావగారూ. కంప్రెషను బలంగా ఉంది. సెల్ఫ్‌దేముంది, విప్పించి చుట్టించుకోవచ్చు." అని సూరిబాబుగారివైపు తిరిగాడు. "ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా అండి?"

సూరిబాబుగారి నోటికి కట్ట తెగింది. "ఎడంపక్క బ్రేకు వదులండి. రివర్సు గేరుని బతిమాలాలండి. సీటు స్ప్రింగు గుచ్చుతాది, తువ్వాలు మడిచి వేసుకోవాలండి."

"నూనె కారుతాదండి, మా వాకిట్లో నల్లబొట్టు ఇంకా పోలేదు," అంది సుందరమ్మ.

"హారను లేదండి," అన్నాడు బస్తాలాయన.

"హారనెందుకు, అదొస్తుంటే పక్కూరికి వినబడతాది," అంది హన్నా. "కానీ నీళ్ళలో ఆగదండి. అది రాయించుకోండి."

ఒక్కొక్కరూ ఒక్కో తప్పు చెప్పడం, చెప్పాక చేత్తో మడ్‌గార్డుని నిమరడం. మనవడి అల్లరి చెప్పినట్టే చెప్పారు. షోరూములో అమ్మే కుర్రాడు చెప్పని సంగతులన్నీ ఆ గట్టు కింద రమణకి ఊరే చెప్పింది. ఇంక దాని దగ్గర దాచుకున్నదేదీ మిగల్లేదు.

"తీసుకుంటున్నానండి," అన్నాడు రమణ. "ఈ సాయంత్రానికి మా చేలో దిగాలి."

సూరిబాబుగారు తల పంకించారు. తుండుతో స్టీరింగు తుడిచారు. బేరం ఎంతకి తెగిందో నేను చెప్పను. ఇద్దరూ కూడా బాగా మర్యాదస్తులు. ఆయన తగ్గిస్తుంటే వీడు పెంచాడు. మధ్యలో బేరగాడిగా వెళ్ళిన నేను పనీపాటా లేకుండా నిలబడ్డాను.

అప్పుడొచ్చారు వంగతోట వాళ్ళు, గోతాలు భుజాన వేసుకుని, చెమటలు కక్కుకుంటూ. "ఏటండీ ఇది? కొయ్యమన్నదెవరు, వద్దన్నదెవరు? ట్రాక్టరు గట్టెక్కిందా లేదా?" అని ముందున్నవాడు సూరిబాబుగారి మీదికి వచ్చేశాడు. ఆయన తల దించుకున్నారు.

రమణ బండి మీంచే చెయ్యెత్తాడు. "ఆయన్ని అడక్కండి. ట్రాక్టరిప్పుడు నాది. సమాధానం నేను చెప్తాను. బావగారూ, మీరు కొంచెం గట్టిగా అందరికీ వినిపించండి."

వాడు ఒక ముక్క చెప్పడం, నేను దాన్ని గట్టు ఈ కొస నుంచి ఆ కొసకి వినిపించడం. గోదారికి వరద రాలేదు, ఏ హెచ్చరికా లేదు. ట్రాక్టరుకి సెల్ఫ్ పోయింది. అల్లవరం వైపు నుంచి కొనేవాళ్ళు వస్తున్నారని, వాలులో అందుకుంటుందని సూరిబాబుగారు దాన్ని రాత్రి గట్టెక్కించారు. మీరు వరదనుకున్నారు. ఆ కొనేవాళ్ళం మేమే. కొనేశాం. అందరూ సామాను దింపుకోవచ్చు.

బస్తాలాయన, "అంటే సెల్ఫ్ పోతే నేను బియ్యం మోసేనన్నమాట," అన్నాడు. ఊరంతా ఘొల్లుమంది. సూరిబాబుగారు కూడా తల ఎత్తి నవ్వారు. వంగతోట ఆసామీ గోతాం దింపి, లేత పిందెలు దోసిళ్ళతో తీసి మా తువ్వాల్లో పోశాడు. "ఎలాగూ కోసేశాంగా, పట్టుకెళ్ళండి, ఇగురు పెట్టుకోండి."

"మరి ఇక మీదట వరదొస్తే మాకెలా తెలుస్తాదండి?" అని సుందరమ్మ అడిగింది. ఆ ప్రశ్నకి నవ్వు ఆగింది. రమణ ఆలోచించుకున్నాడు.

"నా నాట్లయిపోయేక బండికి పనుండదండి. గోదారి పెరుగుతుందని సూరిబాబుగారు ఒక్క ఫోను కొట్టడం, నేను తోలుకొచ్చేయడం. ట్రక్కు ఇక్కడే ఉంచుతాను. సెల్ఫ్ బాగుచేయించే వస్తాను కాబట్టి, ఈసారి గట్టు మీద కనబడితే అది నిజం వరదేనండి."

"ఆయ్," అంది సుందరమ్మ. గట్టు మీద అందరూ ఆయ్ అన్నారు.

మేం బయలుదేరేసరికి టీవీలూ సిలిండర్లూ దిగిపోతున్నాయి. సంగతి ఊళ్ళో అందరికీ అర్థమైంది. ఒక్క హన్నా మేకలకి తప్ప. అవి గట్టు మీద గడ్డి మేస్తూ, ఆవిడ ఎంత అదిలించినా దిగమంటే దిగమన్నాయి.